పిచ్చుక నడిచిన రోజు

జుట్టు సగం కత్తిరించిన మనిషిని కుర్చీలోనే వదిలేసి బ్యూటీ పార్లర్ నడిపే కత్తెరమ్మ వీధిలోకి పరుగెత్తడం పోయిన వారం చూశాం. "వదినా, ఉన్నపళంగా రండి. పిచ్చుక..." అని మరదలు ఫోనులో అనడం, ఆ తర్వాతి మాట ఏడుపులో మునిగిపోవడం, ఆవిడకు తెలిసింది అంతే. చేతిలో దువ్వెన చేతిలోనే ఉంది. చెప్పులు పార్లర్లోనే ఉండిపోయాయి. తమ్ముడింటి తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టిన మనిషి గుమ్మం దగ్గరే కొయ్యబారిపోయింది.

మేడమెట్ల మీద పిచ్చుక నిలబడి ఉంది. ఎవరూ పట్టుకోలేదు.

పిచ్చుక అంటే ఆవిడ మేనకోడలు, ఎనిమిదేళ్ల పిల్ల. కిందటేడు బడి ఆటల్లో ఊరికే పడిపోవడంతో మొదలైంది. పాదాలు లోపలికి తిరిగిపోయాయి, మోకాళ్లు బిగుసుకుపోయాయి, చివరికి చక్రాల కుర్చీ వచ్చింది. వెన్నులో నరాలకు ఆపరేషన్ చేయిస్తే తప్ప లాభం లేదని, అదీ ఎక్కడో దూరాన పెద్ద ఆసుపత్రిలోనే చేస్తారని డాక్టరు చెప్పాడంటూ తమ్ముడు వచ్చి అక్క ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు. ఆవిడ ఆ మాట పట్టుకుని, తాను సభ్యురాలిగా ఉన్న సేవాసంఘం మీటింగులో లేచి నిలబడింది. "మేనకోడలని అడగడం లేదు. నా మాట మీద నమ్మకముంటే పూనుకోండి" అంది.

పూనుకున్నారు. ఏదో మొక్కుబడిగా కాదు. బస్సు డ్రైవర్లు సెలవు రోజుల్లో పైజామాలు పైకి మడుచుకుని జనం కార్లు కడిగారు. బడిపిల్లలు ఇంటింటికీ తిరిగి పాత పేపర్లు పోగుచేశారు. టైలర్లు మిగిలిన గుడ్డపీలికలతో సంచులు కుట్టి అమ్మారు. 'పిచ్చుకకు రెక్కలిద్దాం' అంటూ ప్రతి దుకాణం అద్దం మీదా కుర్చీలో కూర్చున్న ఆ పిల్ల బొమ్మే. ఎల్లుండి ఆదివారం సంఘం హాల్లో పాటల సాయంత్రం. టికెట్లన్నీ అయిపోయి, గోడవార నిలబడి చూసేవాళ్లకు కూడా చోటు చూస్తున్నారు.

ఆ పిల్ల ఇప్పుడు మెట్లు దిగుతోంది.

"కదలకే తల్లీ! అక్కడే ఉండు, నేనొస్తున్నా!" అని కేక పెట్టింది కత్తెరమ్మ.

"నువ్వు రావద్దత్తా. ఊరికే చూడు, అంతే" అంది పిచ్చుక, పెద్ద ఆరిందాలా.

ఒక్కో మెట్టూ దిగింది. చివరి మెట్టు మీంచి గెంతింది కూడా. గెంతి, కాస్త తూలి, తనే నిలదొక్కుకుని, చేతులు రెండూ పక్షిలా చాచి, "ఇప్పుడు చప్పట్లు కొట్టాలి" అంది.

చప్పట్లు కొట్టే ఓపిక ఎక్కడిది! కత్తెరమ్మ నేలమీద కూలబడి పిల్ల పిక్కలు తడిమింది. పాటల సాయంత్రం హడావిడిలో పడేదాకా రోజూ నూనె రాసి తాను రుద్దిన పిక్కలే. రుద్దినంతసేపూ కర్రల్లా ఉండేవి. ఇప్పుడు మామూలు పిల్లల పిక్కల్లా మెత్తగా, వెచ్చగా ఉన్నాయి. వంగి వాటిమీద ముఖం ఆనించేసింది.

"చక్కిలిగింతలు పెట్టకత్తా" అంది పిచ్చుక.

మరదలు వచ్చి పక్కనే చతికిలబడింది. బేకరీలో బిస్కెట్లు ప్యాక్ చేసే మనిషి, ఆ రోజు పనికి వెళ్లినట్టే లేదు. "నాతో పని చేసే అమ్మాయి చెప్పింది వదినా, ఓ ముసలి డాక్టరమ్మ ఉందని. మీ తమ్ముడికి చెబితే వద్దంటారు. ఇంకెంతమంది డాక్టర్లకి చూపిస్తావు, పిల్లని ఇంక గుచ్చొద్దు అంటున్నారుగా. అందుకే చెప్పకుండా తీసుకెళ్లా. ఆవిడ ఏం అడిగిందో తెలుసా? పొద్దున ఎలా ఉంటుంది, సాయంత్రం ఎలా ఉంటుంది అని. అంతే వదినా! ఇన్నాళ్లలో ఎవరైనా అడిగారా ఆ మాట? పొద్దున లేవగానే కాస్త బాగానే నడుస్తుందండీ, పొద్దువాలేసరికి కట్టె అయిపోతుంది అన్నా. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది."

"పెట్టేసి?"

"ఇది వెన్ను జబ్బు కాదేమో, మెదడులో తయారవ్వాల్సిందేదో తక్కువైనట్టుంది, మాత్రతో సరిపోవచ్చు, వాడి చూద్దాం అంది. అరమాత్ర వదినా. అరమాత్ర!"

"మరి ఆపరేషనూ?"

"అక్కర్లేదంది. మాత్ర మాత్రం జీవితాంతం వేసుకోవాలట. వేసుకుంటుంది, దానికేం. మీకు ముందే చెబుదామనుకున్నా. ఆశపడ్డాక మళ్లీ పడిపోతే మీరు తట్టుకోలేరని ఆగా. ఇవాళ మెట్లెక్కేసరికి ఇక ఉండబట్టలేదు."

ఆడవాళ్లిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టుకుని ఏడ్చారు, నవ్వారు, మళ్లీ ఏడ్చారు. పిచ్చుక వాళ్లిద్దరి చుట్టూ ఒంటికాలి మీద గెంతుతోంది. ఆ ఇంట్లో ఏడాదిగా వినపడని చప్పుడది.

"హమ్మయ్య, మీరంతా బతికే ఉన్నారుగా! ఏమైందో అని హడలి చచ్చాను" అని గుమ్మంలోంచి గొంతు వినిపించింది.

సంఘం ప్రెసిడెంటుగారి భార్య. మెడచుట్టూ పార్లర్ గుడ్డ అలాగే ఉంది. ఎడమవైపు జుట్టు చెవిదాకా, కుడివైపు భుజందాకా. కత్తెరమ్మ కుర్చీలో వదిలేసి వచ్చిన మనిషి ఈవిడే. పాటల సాయంత్రానికి అందరికంటే ఎక్కువ టికెట్లు అమ్మిందీ ఈవిడే. "ఈ అవతారంతో వస్తుంటే వీధంతా నన్నే..." అంటూ ఆగిపోయింది. గెంతుతున్న పిల్లను చూసింది.

"అది... మన పిచ్చుకేనా?"

"నేనే ఆంటీ. మెట్లు కూడా దిగుతాను, చూస్తారా?"

ఆవిడ ముఖం ముందు వెలిగింది. నిజంగానే వెలిగింది. దగ్గరికి వచ్చి పిల్ల బుగ్గలు రెండు చేతుల్లోకి తీసుకుంది. తర్వాత ఆ వెలుగు నెమ్మదిగా ఒకవైపుకు ఒరిగింది.

"ఎప్పట్నుంచి నడుస్తోంది?" అంది.

"ఈ వారమేనండీ. కొత్త మందు పడ్డాకే" అంది మరదలు.

"అలాగా. ఆ మధ్య ఒకసారి పొద్దున్నే ఇటు నడకకి వచ్చినప్పుడు, ఈ పిల్ల వాకిట్లో నిలబడి ఉన్నట్టనిపించింది. నా కళ్లజోడు మార్చాల్సొచ్చిందేమో అనుకున్నా." నవ్వింది. ఆ నవ్వు కళ్లదాకా పోలేదు. "మంచిదమ్మా, మంచిది. ఇంతకంటే ఏం కావాలి" అంటూ వెనుదిరిగింది. గేటు దాటకముందే ఫోను చెవి దగ్గరికి వెళ్లడం కత్తెరమ్మ కిటికీలోంచి చూసింది.

అప్పుడు గానీ ఆవిడకు తమ్ముడు గుర్తు రాలేదు. "వాడేడే?" అంది.

మరదలు పెరటివైపు తల ఊపింది.

పెరటి వసారాలో పిచ్చుక చక్రాల కుర్చీలో అతను కూర్చుని ఉన్నాడు. పిల్లల కుర్చీ, పెద్ద మనిషి. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. చక్రాలు కాస్త ముందుకూ కాస్త వెనక్కూ తోసుకుంటున్నాడు. బళ్లకు సెలవు కాబట్టి అతను నడిపే స్కూలు వ్యాను గోడ పక్కన ఊరికే నిలబడి ఉంది.

"ఇక్కడ కూర్చున్నావేంట్రా, ఇల్లెగిరిపోయేలా సంబరపడాల్సింది పోయి?"

"సంబరంగానే ఉందక్కా. లోపలున్నంతసేపూ సంబరమే. బయటికి వెళ్లాలంటేనే కాళ్లు రావడం లేదు. సోమవారం వ్యాను తియ్యాలి. ప్రతి ఇంటి ముందూ ఓ తల్లి నిలబడి అడుగుతుంది, మీ పాపకెలా ఉందని. ఏం చెప్పను?"

"బాగైందని చెప్పు."

"చెప్పేది ఎవరు? నేను. అది ఆలోచించు."

కత్తెరమ్మకు ఆలోచించే పని లేదు. తమ్ముడి నోటి మహిమ ఆవిడకంటే బాగా ఎవరికి తెలుసు? చిన్నప్పుడు బడికి సెలవు కోసం వాళ్లమ్మ చచ్చిపోయిందని చెప్పాడు. సాయంత్రం పంతుళ్లందరూ ముఖాలు వేలాడేసుకుని పూలదండతో వస్తే, తలుపు తీసింది వాళ్లమ్మే. పెద్దయ్యాక అబద్ధాలూ పెద్దవయ్యాయి. లేని ఫుట్‌బాల్ జట్టుకు ఊరంతా తిరిగి చందాలు పోగుచేసి గిటారు కొనుక్కున్నాడు. అప్పట్లో పార్లర్ కొత్త. కత్తెరమ్మ ఇంటింటికీ వెళ్లి ఎవరిది వాళ్లకు తిరిగిచ్చింది. ఆ తర్వాత పెళ్లయింది, పిల్ల పుట్టింది, వ్యాను చేతికొచ్చింది, మనిషి దారిన పడ్డాడు. అయినా ఊరి జ్ఞాపకం ఊరిదే. అతను వాన పడుతోందంటే ఇప్పటికీ జనం చెయ్యి బయటపెట్టి చూసుకుంటారు.

ఆవిడ పక్కనున్న బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుంది. ప్రెసిడెంటుగారి భార్య అడిగిన ప్రశ్న బుర్రలో తిరుగుతూనే ఉంది. తోసేసినా పోవడం లేదు. చివరికి నోట్లోకి వచ్చేసింది.

"ఒరేయ్. కోప్పడకు. ఒక్కటే అడుగుతా, నిజం చెప్పు. ఇది మాత్రతో పోయే జబ్బని... నీకు ముందే ఏమైనా తెలుసా?"

చక్రాలు ఆగిపోయాయి. అతను గోడమీద పాకుతున్న చీమల బారు వంక చూస్తూ ఉండిపోయాడు.

"అడుగుతావని తెలుసక్కా. ఇంత త్వరగా అడుగుతావనుకోలేదు."

"అది కాదురా..."

"నా జన్మకి నిజం చెప్పి ఏడ్చిన రోజంటూ ఉంటే అదొక్కటే. నీ ఒళ్లో. అదీ తప్పైపోయింది చూడు. డాక్టరు పొరబడ్డా అబద్ధం నా ఖాతాలోకే వస్తుంది."

"నోరు జారిందిరా. వదిలెయ్."

"జారలేదు. లోపల ఉన్నదే బయటికొచ్చింది" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆవిడకు కాస్త తేలికగా ఉండేది.

వీధిలో కారు ఆగిన చప్పుడు.

ప్రెసిడెంటుగారికి పెయింట్ల దుకాణం ఉంది. గోళ్లలో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది, ఇవాళ నీలం. చెడ్డమనిషి కాదు. పిచ్చుకకు ఆ కుర్చీ తెచ్చినప్పుడు అంత పెద్దమనిషీ తనే భుజాన మోసుకొచ్చాడు. వచ్చీరాగానే పిల్లను ఎత్తుకుని గుండెలకు హత్తుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "వెళ్లి ఆడుకోమ్మా" అని పెరట్లోకి పంపి, తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు. మరదలు నీళ్లిస్తే గ్లాసు పట్టుకునే ఉన్నాడు, తాగలేదు.

"సంతోషం. ముందు ఆ మాట చెప్పి తీరాలి. మా ఆవిడ చెప్పగానే దుకాణం అలాగే వదిలేసి వచ్చాను. ఇక ఎల్లుండి సంగతి చూద్దాం."

"ఎల్లుండి పిచ్చుక నడిచొస్తుంది" అంది మరదలు.

"ఆ ఒక్క సాయంత్రం వద్దమ్మా." గొంతు తగ్గించాడు. "ఎప్పట్లాగే కుర్చీలో రానీ. కాసేపు కూర్చుంటుంది, చెయ్యూపుతుంది, వెళ్లిపోతుంది. ఓ నెల పోనిచ్చి మనమే చెబుదాం, ఆపరేషన్ లేకుండానే నయమైందని. వచ్చిందంతా సంఘం దగ్గరే భద్రంగా ఉంటుంది, ఇంకో బిడ్డకి పనికొస్తుంది. నేనెవర్నీ మోసం చెయ్యమనడం లేదు. కొన్నాళ్లు ఆగమంటున్నాను."

"కాళ్లొచ్చిన పిల్లని కుర్చీలో కూర్చోమనడం మోసం కాకపోతే ఏమంటారండీ దాన్ని?" అంది మరదలు.

"నిన్న నా దుకాణానికి ఒకావిడ వచ్చింది. కొడుక్కి చెవులు వినపడవు. పిచ్చుక అయ్యాక నీ కొడుకేనమ్మా అని మాటిచ్చాను. ఎల్లుండి మనం స్టేజీ ఎక్కి, పిచ్చుకకి ఆపరేషనే అక్కర్లేదట అని చెప్పామనుకో. ఆ తర్వాత ఆ తల్లి వెళ్లి ఎవరి తలుపు కొట్టాలి? ఈ ఊళ్లో ఇంకోసారి ఎవరైనా కారు కడుగుతారా? పేపర్లు మోస్తారా?"

ప్రెసిడెంటుగారు తన లాభం చూసుకుని మాట్లాడితే కత్తెరమ్మ కడిగిపారేసేదే. ఆయన మాటలో ఇంకో పిల్లవాడి చెవులున్నాయి. అదీ చిక్కు.

"జబ్బు లేదని ఎవరన్నారండీ? ఉంది. మందు దొరికింది. అదే చెబుదాం" అంది.

"నాకు తెలుసు, నీకు తెలుసు. హాల్లో కూర్చున్నవాళ్లకి తెలిసింది వేరే." తలుపు దగ్గర నిలబడ్డ తమ్ముడి వైపు చూశాడు. "ఏమీ అనుకోకు బాబూ. నీ ఫుట్‌బాల్ జట్టు సంగతి ఈ ఊరు ఇంకా మర్చిపోలేదు. మా ఆవిడే ఫోనులో నన్ను అడిగింది. నేనే సర్దిచెప్పాల్సొచ్చింది."

తమ్ముడు తలుపు వదిలి లోపలికి వచ్చాడు.

"సరేనండీ. కూర్చోబెడతాను" అన్నాడు తమ్ముడు.

మరదలు గిర్రున తిరిగింది. "ఏమన్నారూ?"

"ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది? నేను నిజం చెబితే ఒక్కడూ నమ్మడు. అబద్ధమాడితే అందరూ చప్పట్లు కొడతారు. నాకేమైనా కొత్తా?" మాట అందరితోనూ అన్నా, చూపు మాత్రం అక్క మీదే ఉంది. ఆ చూపు ముందు కత్తెరమ్మకు నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఇందాక వసారాలో ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే ఇతను ఈ మాటకు ఒప్పుకునేవాడు కాడని ఆవిడకు స్పష్టంగా తెలిసింది.

"నేను కుర్చీలో కూర్చోవాలా?"

పెరటి కిటికీ చువ్వల మధ్య పిచ్చుక ముఖం. ఎప్పుడు వచ్చిందో, ఎంత విందో.

పిల్ల కాసేపు ఆలోచించుకుంది. "పర్లేదు, కూర్చుంటా. పాట బాగుంటే కాలు ఊపొచ్చా?"

ప్రెసిడెంటుగారు తల దించుకుని గోళ్లలో రంగు గీక్కోవడం మొదలుపెట్టాడు.

"ఊపొచ్చు తల్లీ" అంది కత్తెరమ్మ లేస్తూ. "లేచి గెంతొచ్చు కూడా. నువ్వా కుర్చీలో కూర్చోవు." తర్వాత ఆయన వైపు తిరిగింది. "ఆ రోజు మీటింగులో లేచి నిలబడింది నేను. నా మాట మీద పూనుకోమన్నది నేను. ఎల్లుండి కూడా నేనే నిలబడతానండీ. జరిగింది జరిగినట్టు చెబుతా."

"నమ్మకపోతే?"

"ఆపరేషన్ చెయ్యాలన్న డాక్టర్నే పక్కన నిలబెడతా. నేను పొరబడ్డాను, ఇది మాత్రతో పోయే జబ్బని ఆయన నోటితో ఆయనే చెబితే నమ్ముతారుగా?"

ప్రెసిడెంటుగారు ఆలోచించాడు. గ్లాసులో నీళ్లు గుటగుటా తాగేశాడు. "ఆయన వచ్చాడంటే మైకు నీ చేతికే ఇస్తానమ్మా. నేను పక్కకి తప్పుకుంటా. రాకపోతే మాత్రం నా మాట మన్నించాలి."

"రానివ్వండి ముందు" అంది ఆవిడ. మన్నిస్తానని అనలేదు.

కారు వెళ్లిపోయాక కత్తెరమ్మ తమ్ముడి దగ్గరికి వెళ్లింది. తమ్ముడి చొక్కా కాలరు మడత సరిచేసింది, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు చేసినట్టు.

"వసారాలో అడిగిన మాట వెనక్కి తీసుకుంటున్నాన్రా. ఇంకెప్పుడూ అడగను. నన్ను క్షమించు."

"అక్కవి, నువ్వు క్షమించమనడమేంటి" అన్నాడు. మోచేత్తో కళ్లు ఒత్తుకున్నాడు. తర్వాత, ఆ రోజు మొదటిసారిగా నవ్వాడు. "పద. నేనే వ్యాన్లో తీసుకెళ్తా. చెప్పుల్లేకుండా డాక్టరు దగ్గరికి వెళ్తే నిన్నే పేషెంటనుకుని పడుకోబెడతారు. మా ఆవిడ చెప్పులేసుకో."

"నేనూ వస్తా" అని పిచ్చుక ముందు సీట్లోకి తనంతట తనే ఎక్కేసింది. ఎక్కడం ఇంకా కష్టమే, రెండుసార్లు కాలు జారింది. అయినా ఎవర్నీ పట్టుకోనివ్వలేదు.

దారి పొడుగునా దుకాణాల అద్దాల మీద అదే బొమ్మ. మందుల షాపు, సైకిళ్ల షాపు, బట్టల ఇస్త్రీ షాపు. సిగ్నల్ దగ్గర వ్యాను ఆగితే పక్క బస్సులోంచి డ్రైవరు చెయ్యెత్తి పలకరించాడు. కార్లు కడిగినవాళ్లలో ఒకడు.

"తల వంచుకో తల్లీ" అన్నాడు తమ్ముడు మెల్లిగా.

పిచ్చుక సీటు కిందికి జారింది. కిందనుంచే అడిగింది. "నా బొమ్మ అక్కడుందిగా నాన్నా. నేనెందుకు దాక్కోవాలి?"

"రెండ్రోజులే" అన్నాడతను. కత్తెరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎల్లుండి మైకు ముందు అనాల్సిన మాటలు మనసులోనే కూర్చుకుంటోంది.

డాక్టరు గదిలో రోగులెవరూ లేరు. నలభై ఏళ్లుంటాయి, మర్యాదస్తుడు. కూర్చోమని, కత్తెరమ్మ చెప్పేదంతా అడ్డు రాకుండా విన్నాడు. మాత్ర సంగతి చెప్పగానే దాని పేరు అడిగాడు. ఆవిడ చెప్పింది. రెండు మూడుసార్లు తలూపాడు.

"చాలా సంతోషమమ్మా. ఇలాంటి పిల్లలు అరుదు. మంచి వార్త చెప్పారు."

"మీరు ఎల్లుండి వచ్చి ఒక్క మాట చెప్పాలండీ. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు. డాక్టర్లూ మనుషులేగా. అప్పుడు అలా అనిపించింది, ఇప్పుడు ఇలా తేలింది అంటే చాలు. మా వాడి మీద మాట రాకుండా ఉంటుంది."

డాక్టరు కళ్లజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. "నేను పొరబడ్డానని చెప్పమంటున్నారా?"

"అంటే..."

"ఆపరేషన్ ఒక దారి అన్న మాట నిజం. దానికంటే ముందు ఇదే మాత్ర వాడి చూద్దామనీ అన్నాను. రెండూ ఒకే రోజు చెప్పానమ్మా."

కత్తెరమ్మకు ఆ మాట చెవిలో పడింది గానీ లోపలికి వెళ్లలేదు. "ఎవరితో చెప్పారండీ?"

"ఆ పాప తండ్రితో. ఆ రోజు ఆయన ఒక్కడే వచ్చాడు."

బయట వరండాలో ఎవరో బల్ల జరుపుతున్నారు. ఆ చప్పుడు ఆగాక ఆవిడ అడిగింది. "మరి ఊరంతా ఆ బొమ్మలున్నాయి. మీరూ రోజూ చూస్తూనే ఉన్నారుగా. ఎందుకూరుకున్నారు?"

చిన్న ఆలస్యం. ఎంతో కాదు, కళ్లజోడు మళ్లీ పెట్టుకునేంత. "మాత్ర వాడారు, పని చెయ్యలేదు అనుకున్నాను. సంఘంవాళ్లు ఆపరేషన్ వివరాలు అడిగారు, ఇచ్చాం. మాత్ర గురించి ఎవరూ అడగలేదు."

రోజంతా అద్దంలో ముఖాలు చూసే వృత్తి ఆవిడది. జుట్టు నచ్చకపోయినా బాగుందనే ముఖాన్ని ఇట్టే పట్టేస్తుంది. ఈ ముఖంలో మాత్రం ఏమీ దొరకలేదు. ఆ ఆలస్యం తన పరువు కాపాడుకోవాలనుకునే మనిషిదా, నిజంగా గుర్తు చేసుకుంటున్న మనిషిదా? పిచ్చుకకు జ్వరమని మరదలు ఇంట్లో ఉండిపోయిన రోజు అది. తమ్ముడు ఒక్కడే డాక్టరు దగ్గరికి వెళ్లాడు. అక్కణ్నుంచి తిన్నగా పార్లర్‌కు వచ్చి తన ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు. ఈ గదిలో ఏం జరిగిందో విన్నవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. ఒకరు చదువుకున్న పెద్దమనిషి. ఇంకొకరు తన చేతులమీద పెరిగిన తమ్ముడు.

ఇంకో డాక్టరు వద్దు, పిల్లని ఇంక గుచ్చొద్దు అంటున్నారుగా అన్న మరదలి మాట అప్పుడు గుర్తుకొచ్చింది. రాకుండా ఉంటే బాగుండేది.

"ఎల్లుండి వస్తాను కావాలంటే" అంటున్నాడు డాక్టరు. "వస్తే మాత్రం జరిగిందే చెబుతాను."

కత్తెరమ్మ లేచింది. రమ్మని గానీ వద్దని గానీ అనకుండానే బయటికి నడిచింది. మరదలి చెప్పులు వదులుగా ఉండి వరండా పొడుగునా టపటపా కొట్టుకుంటున్నాయి.

తమ్ముడు గుడ్డ పట్టుకుని వ్యాను ముందద్దం తుడుస్తున్నాడు. ఈల వేస్తున్నాడు. లోపల పిచ్చుక సీటు మీద నిలబడి, అద్దానికి అవతలి నుంచి అతను ఎక్కడ తుడిస్తే అక్కడ తన అరచెయ్యి ఆనిస్తోంది. అక్కను చూడగానే ఈల ఆపేసి, ముఖం నిండా ఆశతో అడిగాడు.

"ఏమన్నాడక్కా? వస్తానన్నాడా?"

ఇంకెప్పుడూ అడగనని మాటిచ్చి గంట కూడా కాలేదు.

"ఆ రోజు నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు..." అంది కత్తెరమ్మ. "ఆపరేషన్ గురించి చెప్పాక, ఇంకేమైనా చెప్పాడట్రా?"

తమ్ముడి చేతిలో గుడ్డ అద్దం మీదే ఆగిపోయింది. అతను ముందు అక్క వైపు చూడలేదు. లోపలున్న పిల్ల వైపు చూశాడు.